మంగళవారం ఆగిపోయే కారు

పటాన్‌చెరు
బుధవారం మధ్యాహ్నం

నాన్నగారికి సుగుణ నమస్కారాలు.

ముందు అమ్మ అడగబోయేవాటికి జవాబులు రాసేస్తాను, తర్వాత మనం తీరిగ్గా మాట్లాడుకుందాం. తింటున్నాను. నిద్రపోతున్నాను. దగ్గు పూర్తిగా తగ్గింది. తలకు నూనె రాసుకుంటున్నాను, నమ్మకపోతే ఈ కాగితం మూల మీద మరక చూపించండి. అది గ్రీజు అని మీకు తెలిసినా అమ్మకి చెప్పకండి.

మీ మోకాలు ఎలా ఉంది? మామ్మ కళ్లల్లో మందు వేయించుకుంటోందా, లేక మంట అని తుడిచేసుకుంటోందా? షాపు రోజూ తెరుస్తున్నారా? రేడియోలు ఎవరూ తేకపోయినా సరే, తెరవండి. ఇంట్లో కూర్చుంటే మీరు అమ్మ మిక్సీ విప్పుతారు, ఆ తర్వాత జరిగేది మండపేట వీధంతా వింటుంది.

మొన్న బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడు మీకు సరిగా వినపడలేదు. అన్నింటికీ సరే సరే అన్నారు. వెనక నుంచి అమ్మ మాత్రం గట్టిగా అడిగింది, "ఆ ఊళ్లో నీకంటూ ఎవరున్నారే?" అని. ఎదురుగా మీటరు పరుగెడుతోంది, నాకేమో నోట మాట రాలేదు. బాగానే ఉన్నానని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక చాలా బాధేసింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. అమ్మ ప్రశ్నకి జవాబు చివర్లో ఉంది. మధ్యలో వైర్ల గొడవ వస్తే ఆవిడ ఎలాగూ ఆవలిస్తుంది, అప్పుడు ఆఖరి పేజీ తిప్పి చదివి వినిపించండి.

ఇక్కడ చలి మొదలైంది. మన వైపు చలంటే పొద్దున్నే శాలువా కప్పుకుని కాఫీ తాగడం. ఇక్కడ తెల్లవారి స్పానర్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గాలి ఫ్యాక్టరీల మీదుగా తిరిగిన రోజు ముక్కుకి చున్నీ కట్టుకోవాలి, మందుల సీసా మూత తీసి ఊరి మీద పెట్టినట్టు ఉంటుంది. తాగే నీళ్లు ట్యాంకరువే, కాచి తాగుతున్నాను, కంగారు పడకండి. సైరన్ మోగితే రోడ్డంతా సైకిళ్లు. బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు, మనవాళ్లు, అందరూ ఒకే టీ బండి దగ్గర చేరతారు. బోర్డులు అతికించే ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను మస్తాన్ భాయి వర్క్‌షాపులో చేరానని కిందటిసారి రాశాను కదా. అది కర్దనూరు మలుపులోనే ఉంది. కార్ల కరెంటు పని నాది. ఆడపిల్ల బానెట్‌లో తల పెడితే చూడ్డానికి మొదట్లో పని లేనివాళ్లంతా ఆగేవారు. ఇప్పుడు ఆగడం లేదు, అలవాటు పడిపోయారు. మస్తాన్ భాయి నన్ను "బేటీ" అనే పిలుస్తాడు, స్పానర్ తప్పు ఇస్తే మాత్రం ఏమని పిలుస్తాడో రాయలేను.

నేనుండే గది బాలమణి వదిన వాళ్లది. కర్దనూరులో వాళ్లింటి వెనక భాగం. ఆమె భర్త యాదగిరన్న కారు డ్రైవరు. అమీన్‌పూర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక రెడ్డి సారు దగ్గర నడుపుతాడు. వదిన నన్ను కిరాయికి ఉన్న మనిషిలా ఎప్పుడూ చూడలేదు. జొన్న రొట్టె చేస్తే పిలుస్తుంది, సర్వపిండి చేస్తే పిలుస్తుంది. పచ్చి పులుసు మన పులుసు కాదు, చింతపండు పిసికి ఉల్లిపాయలు వేసేస్తారు, పొయ్యి మీద పెట్టనే పెట్టరు. మొదటి రోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు అది లేకపోతే అన్నం దిగడం లేదు. ఇంకా ప్రతి మంగళవారం సాయంత్రం నేను రాగానే చేతిలో ఒక కొబ్బరి ముక్క, బెల్లం ముక్క పెడుతుంది. ఏ దేవుడిదని అడగలేదు. పెడితే తిన్నాను. ఈ కొబ్బరి ముక్క సంగతి గుర్తుంచుకోండి.

పోయిన వారాల్లో జరిగింది ఇప్పుడు చెబుతాను. ఇది మీకు తప్ప ఇంకెవరికీ ఇంత వివరంగా రాయలేను.

రెడ్డి సారు కారు దారిలో ఆగిపోతోంది. ఖరీదైన బండి, కొత్తదే. ఉన్నట్టుండి మీటరు ముళ్లన్నీ సున్నాకి పడిపోతాయి, బోర్డు మీద ఉన్న దీపాలన్నీ దీపావళిలా వెలుగుతాయి, ఇంజను ఆరిపోతుంది. కాసేపటికి దానంతటదే బాగవుతుంది. సిటీలో షోరూముకి తీసుకెళ్తే ఒక కంప్యూటరు పెట్టె మార్చారు, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు. ఇంకోటి మార్చారు, మళ్లీ అదే. రెడ్డి సారుకి అనుమానం పట్టుకుంది. అది యాదగిరన్న మీద. మంచి సామాన్లు తీసి అమ్ముకొని పాతవి పెట్టిస్తున్నాడని ఎవరో చెవిలో ఊదారట. ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగితే తాళాలు ఇచ్చేసి పొమ్మన్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో పిడుగులా పడింది. యాదగిరన్న ఇదివరకు లారీ నడిపేవాడు. వాళ్లన్నయ్యా లారీయే. ఆయన ఈ బొంబాయి రోడ్డు మీదే యాక్సిడెంట్‌లో పోయాడు. అప్పుడు వదిన పట్టుబట్టి ఈయన చేత లారీ మానిపించింది. కారు పని పోతే మళ్లీ లారీయే ఎక్కాలి, ఇంకో దారి లేదు. యాదగిరన్న నా దగ్గరికొచ్చి, ఒకసారి చూడు చెల్లె అన్నాడు. బతిమాలలేదు. కానీ ఆయన ఇది వరకెప్పుడూ నన్ను ఏమీ అడగలేదు.

గురువారం బండి వర్క్‌షాపుకి తెచ్చాడు. అప్పుడు మహారాణిలా నడుస్తోంది. ఎంత కదిపినా ఆగదు. వెతగ్గా వెతగ్గా ఎర్తు బోల్టు ఒకటి తుప్పు పట్టి వదులుగా కనిపించింది. గీకి, శుభ్రం చేసి, బిగించి, ఇదే జబ్బు అని ధీమాగా పంపేశాను. ఇల్లు అలకగానే పండగైపోతుందా? మర్నాడు శుక్రవారం, రెడ్డి సారు పట్టుపంచె కట్టుకుని పెళ్లికి పోతుంటే ఇస్నాపూర్ దగ్గర బండి చచ్చిపోయింది. ముహూర్తం దాటిపోతుందని ఆయన షేర్ ఆటోలో కోళ్ల బుట్ట పక్కన కూర్చుని వెళ్లాడట. నవ్వకండి. నేనూ తర్వాతే నవ్వాను. ఆ రోజు మాత్రం యాదగిరన్న ముఖం చూడలేకపోయాను. గోరుచుట్టు మీద రోకటిపోటు నేనే వేశాను.

మస్తాన్ భాయి స్వయంగా వెళ్లి రెడ్డి సారుతో మాట్లాడాడు. ఇంకొక్క అవకాశం ఇమ్మని, ఈసారి కారణం కళ్ల ముందు పెట్టకపోతే డబ్బు తీసుకోనని చెప్పాడు. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే వేరే డ్రైవరుకి కబురు కూడా పంపాడని మాకు తర్వాత తెలిసింది.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. సెట్టు బాగున్నప్పుడు దాన్ని ఎంత చూసినా లాభం లేదు, పాడైనప్పుడే పట్టుకోవాలి అనేవారు కదా. ఎప్పుడెప్పుడు ఆగుతోందని యాదగిరన్నని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన కాసేపు నసిగి, మంగళవారం అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం, లేదా బుధవారం పొద్దున. మంగళవారం మంచిది కాదని సారు ఇప్పటికే అంటున్నాడు, అందుకే పైకి చెప్పలేదట. ఇంకేమైనా ఉందా అంటే శుక్రవారం కూడా అన్నాడు. శనివారం కూడా ఒక్కోసారి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కారుకి వారం, వర్జ్యం ఎలా తెలుస్తాయి? అయినా సరే, మంగళవారం ఆగిన వెంటనే తీసుకురా, ఎక్కడ ఆగినా కబురు పెట్టు, నేనే వస్తాను అన్నాను.

మంగళవారం ఆయన ఇంటికొచ్చి అన్నం తిని బయల్దేరాడు. మా వర్క్‌షాపు కనిపిస్తూనే ఉంది, సందు చివర చింతచెట్టు కింద బండి ఆగిపోయింది. మీరిచ్చిన ముల్లు మీటరు సంచిలో వేసుకుని పరుగెత్తాను.

ఇప్పుడు వైర్ల సంగతి. అమ్మ ఇక్కడ నిద్రపోవచ్చు. ఈ కొత్త కార్లలో ఇంజనుకి ఒక చిన్న కంప్యూటరు, బ్రేకులకి ఒకటి, మీటరు బోర్డుకి ఒకటి ఉంటాయి. ఒకదానికొకటి విడివిడిగా వైర్లు లాగరు. మెలిపెట్టిన రెండు సన్న వైర్లు అన్నిటినీ కలుపుకుంటూ పోతాయి. ఊరందరికీ ఒకటే కుళాయి ఉన్నట్టు, వీళ్లందరి మాటలూ ఆ రెండు వైర్ల మీదే. ఇంజను ఎంత తిరుగుతోందో ఆ దారినే మీటరుకి తెలియాలి. మాట అందకపోతే ఎవరికి వాళ్లు బెదిరిపోయి దీపాలు వెలిగిస్తారు. ఆ వైర్ల రెండు చివర్లా చెరో నూటఇరవై ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. బ్యాటరీ వైరు తీసేసి మీటరు పెడితే రెండూ సమాంతరంగా కలిసి అరవై చూపించాలి. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. పలకా బలపం బదులు రెసిస్టర్లు చేతికిచ్చి రంగులు చదివించిన మనిషి మీరు.

స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుంది, అక్కడ మీటరు తగిలించి యాదగిరన్నని సీట్లో కూర్చోబెట్టాను. ముల్లు అరవై దగ్గర ఉంది, కదిలితే చెప్పమన్నాను. నేను బానెట్ ఎత్తి, మీరు రేడియో బోర్డు మీద కొట్టినట్టే, స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కొక్క కనెక్టరునీ మెల్లగా తడుతూ పోయాను. బ్రేకుల పెట్టె దగ్గర ఏమీ లేదు. ఫ్యూజుల దగ్గర ఏమీ లేదు. ఇంజను కంప్యూటరు దగ్గరి పెద్ద కనెక్టరు మీద తట్టగానే లోపలి నుంచి కేక.

"చెల్లె, ముల్లు ఉరికింది."

ఎక్కడికంటే నూటఇరవై దగ్గరికన్నాడు. ఇంకోసారి తట్టాను, అరవైకి వచ్చింది. అంటే ఒక చివర ఉన్నట్టే ఉండి ఊడిపోతోంది. నాన్నగారూ, ఆ క్షణంలో మీరు పక్కన ఉంటే ఎంత బాగుండేదో. రోడ్డు మీదే గంతేశాను.

కనెక్టరు విప్పాను. లోపలి పిన్నుల మీద ఆకుపచ్చ పెచ్చు, కండెన్సర్ కారిన పాత బోర్డుల మీద ఉంటుందే, అచ్చం అదే. రబ్బరు సీలు వేడికి చిట్లిపోయి ఉంది. పిన్నుల మధ్య తడి, జిగురు. పక్కనే పన్నెండు వోల్టుల పిన్ను ఉంది, ఆ తడి మీదుగా కరెంటు మాటల వైర్లలోకి పాకుతోంది. ఆరాక మళ్లీ కాస్త నడుస్తుంది. షోరూము వాళ్లు పెట్టె మార్చడానికి కనెక్టరు లాగి పెట్టినప్పుడల్లా పిన్నులు రాసుకుని శుభ్రమయ్యేవి, అందుకే కొన్నాళ్లు బాగుండేది. పాపం వాళ్లనీ తప్పు పట్టడానికి లేదు. కానీ ఇంత జిగురు ఎక్కడిది? వాన నీళ్లు జిగురుగా ఉండవు. బ్యాటరీ పక్క నుంచి కనెక్టరు దాకా చీమలు బారులు తీరి ఉన్నాయి. చీమలా, ఇంజనులోనా అనుకున్నాను. దగ్గరికి వంగితే పులిసిన వాసన. బ్యాటరీ సందులో ఒక పీచు. కొబ్బరి పీచు.

ప్రతి మంగళవారం సాయంత్రం నేను తింటున్న కొబ్బరి ముక్క ఎక్కడిదో అప్పుడు తెలిసింది. యాదగిరన్నని అడిగాను, ఇంజను మీద కొబ్బరి నీళ్లు పోస్తారా అని. మంగళవారం తను అన్నానికి వచ్చినప్పుడు బాలమణి బండి ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజను మీద పోసి దండం పెడుతుందట. మూత తనే ఎత్తుతాడట. నీళ్లు పడితే ఇంజనుకేమవుతుంది, వానల్లో తిరగడం లేదా అని ఎప్పుడూ అనుమానం రాలేదట. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"కాయ నీళ్లేనా? పక్కానా?" అని అడిగాడు. అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాకు మింగలేక కక్కలేక అయింది. కారణం దొరికిందని మస్తాన్ భాయికి చెప్పాలి, ఆయన రెడ్డి సారు కళ్ల ముందు పెట్టాలి. కానీ చెప్పానంటే ఏమవుతుంది? డ్రైవరు పెళ్లామే కారు పాడు చేసిందని అవుతుంది. దాచి, శుభ్రం చేసి ఇచ్చేస్తే యాదగిరన్న దొంగగానే మిగిలిపోతాడు. మస్తాన్ భాయి అంతా విని గడ్డం గోక్కుంటూ ఒకటే మాట అన్నాడు. "బేటీ, పని తప్పు మాలిక్‌కు చెప్పు. ఇంటి తప్పు ముందుగల్ల ఇంట్ల చెప్పు."

సాయంత్రం వెళ్లేసరికి వదిన రొట్టెలు చరుస్తోంది. నా కోసం కొబ్బరి ముక్క, బెల్లం పళ్లెంలో పెట్టి ఉంచింది. దాన్ని చూస్తూనే చెప్పేశాను. నాకు సుతారంగా చెప్పడం రాదని మీకు తెలుసు కదా. చప్పుడు ఆగిపోయింది. పెనం మీదున్న రొట్టె మాడిపోతోంది, ఎవరం తియ్యలేదు.

"మా బావ గీ రోడ్డు మీదనే పోయిండు సుగుణా," అంది. "ఈయన లారీ ఇడిసిన దినం మొక్కిన. బండి సల్లగుంటే మనిషి సల్లగుంటడని పోసిన. ఇంత చేసి ఈయనను మల్ల లారీ ఎక్కిస్తున్నది నేనేనా?"

ఏడవలేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. రేపు తనే వచ్చి సారుకి చెబుతానంది. యాదగిరన్న వద్దన్నాడు. తనే పోశానని చెబుతానన్నాడు. "ఆడోళ్ల పేరు తియ్యొద్దు," అన్నాడు. వదిన వినలేదు. ఆ రాత్రి ముగ్గురం మాడిన రొట్టే తిన్నాం.

మర్నాడు పొద్దున కనెక్టరే పిన్నులతో సహా కొత్తది వేసి, సీలు మార్చి, తడి చేరకుండా గ్రీజు నింపి బండి సిద్ధం చేశాను. పాత కనెక్టరు గుడ్డలో చుట్టుకుని అమీన్‌పూర్ వెళ్లాం. ఇల్లు చెరువుకి దగ్గర్లో, పెద్దది. వరండాలో రెడ్డి సారు, పక్కన చెక్క తఖ్తు మీద ఆయన తల్లి కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. సారు కోపిష్టి అని విన్నాను గాని ఓపిగ్గా విన్నాడు. కనెక్టరు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. ఉత్త నీళ్లకి ఇలా అవుతుందా అని అడిగాడు. అవదు, కొబ్బరి నీళ్లలో ఉప్పూ చక్కెరా ఉంటాయి, రాగిని తినేస్తాయి అన్నాను. సామాన్లు ఎవరూ మార్చలేదు, అన్నీ అసలువే అని కూడా గట్టిగా చెప్పాను. మరి కొబ్బరి నీళ్లు ఎవరు పోశారన్నాడు.

"నేనే సారు," అన్నాడు యాదగిరన్న.

వదిన ముందుకొచ్చింది. ఆయన కాదు, నేనంది. మొక్కు సంగతి, బావ సంగతి, అంతా చెప్పింది. సారు అరవలేదు. అరిచినా బాగుండేది. ఇంతమంది మీద నమ్మకం పెట్టి తను పెళ్లికి ఆటోలో పోయాడని, ఇంకోసారి ఇంకేం పోస్తారో ఎవరికి తెలుసని, నెమ్మదిగా అని చెయ్యి చాపాడు. యాదగిరన్న జేబులోంచి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. సత్యం చెబితే ఇదా అనుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ చేట పక్కకి పెట్టింది.

"ఆగు. మంగళారం ఆమె పోసింది. శుక్రారం ఎవరు పోసిన్రో గది గూడ అడుగు."

ఎవరు పోశారన్నాడు సారు.

"నేను పోసిన. నువ్వు తానానికి పోయినప్పుడు. పసుపు పెడితే రంగు ఖరాబైతదని లొల్లి చేస్తివి గద, అందుకని మూత లేపిచ్చి లోపట పోసిన. నువ్వు దినాం గా రోడ్డు మీద తిరుగుతవు, నాకు భయమైతది. మూత లేపింది గీ పిలగాడే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్న."

శుక్రవారం. నేను ఒక్కసారి కూడా ఆలోచించని శుక్రవారం. యాదగిరన్నకి ముందురోజు చింతచెట్టు కిందే రెండు ఇళ్ల కొబ్బరి నీళ్ల సంగతీ అర్థమైపోయిందన్నమాట, అందుకే అంతసేపు మాట్లాడలేదు. ఆడోళ్ల పేరు తియ్యొద్దన్నది ఒక్క వదిన కోసం కాదు.

సారు యాదగిరన్న వైపు తిరిగాడు. "నీకెరికేనా?"

యాదగిరన్న నేల చూస్తూ నిలబడ్డాడు. "పెద్దమ్మ మీ ముంగట దోషి లెక్క నిలబడొద్దనుకున్న సారు."

నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు, రాయడానికి సిగ్గు లేదు. లారీ ఎక్కడానికైనా సిద్ధపడ్డాడు గాని, ఒక ముసలావిడ కొడుకు ముందు తల దించుకోకూడదని ఊరుకున్నాడు. ఆయన్ని దొంగ అన్నారు. సారు చేతిలో తాళాల వంక కాసేపు చూసుకున్నాడు. తర్వాత లేచి, వాటిని తల్లి చేటలో గింజల మధ్య పెట్టాడు. "నువ్వే ఇయ్యి," అని లోపలికి వెళ్లిపోయాడు. పెద్దమ్మ తాళాలతో పాటు రెండు దోసిళ్ల అనపగింజలు కూడా వదిన కొంగులో పోసింది.

మేం గేటు దాటబోతుంటే ఆవిడ నన్ను వెనక్కి పిలిచింది. ఇంజను మీద పోయొద్దంటివి, మరి ఎక్కడ పొయ్యాలె బిడ్డా అని అడిగింది. మొక్కు మానెయ్యమని చెప్పే ధైర్యం ఎవరికుంది? ముందు టైరు మీద పొయ్యండి పెద్దమ్మా, రోడ్డు మీద తిరిగేది అదే కదా అన్నాను. ఆవిడకి నచ్చింది. నన్ను వంచి తల మీద చెయ్యి పెట్టింది.

అప్పటి నుంచి బండి ఎక్కడా ఆగలేదు. శుక్రవారం దాటింది, శనివారం దాటింది. సారు ఇంకా ముభావంగానే ఉన్నాడట గాని యాదగిరన్న కోసం కొత్త యూనిఫాం కుట్టించాడట. మస్తాన్ భాయి నాకు సమోసాలు తెప్పించాడు, అవి ఆయనే ఎక్కువ తిన్నాడు.

ఇంకేం రాయాలి? మీ దగ్గర సన్న మొన సోల్డరింగ్ బిట్టు ఇంకొకటి ఉంటే ఎవరైనా ఇటు వచ్చేవాళ్ల చేత పంపండి. అమ్మ మాగాయ పంపితే గట్టి మూత సీసాలో పెట్టమనండి, కిందటిసారి సంచిలో నా బట్టలన్నీ మాగాయ అయ్యాయి. మామ్మ కాళ్లకి నా దండాలు. పక్కింటి మాస్టారిని అడిగానని చెప్పండి. నేను రానప్పుడు కూడా నా గది కిటికీ పొద్దున్నే తెరుస్తున్నారు కదూ?

ఇప్పుడు అమ్మని లేపండి.

నిన్న మళ్లీ మంగళవారం. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లాను. యాదగిరన్న కారు వాకిట్లో ఉంది. వదిన కొబ్బరికాయ కొట్టి నీళ్లు ముందు టైరు మీద పోసి దండం పెట్టుకుంది. ఇక లోపలికి వెళ్దామనుకుంటే ఇంకో కాయ తీసింది. నన్ను గడప ముందు నిలబడమంది. నా భుజాన సంచి ఉంది. వదినే వచ్చి సంచిలోంచి మీ మీటరు తీసి, రెండు చేతులతో పట్టుకెళ్లి, గూట్లో దూరంగా పెట్టి వచ్చింది. తర్వాత కాయ నా తల చుట్టూ తిప్పి రాయి మీద కొట్టింది. నాకెందుకు వదినా ఇవన్నీ అన్నాను.

"నువ్వు దినాం బండ్ల కిందికి పోతవు," అంది. "నీకు కొట్టెటోళ్లు ఈడ ఎవరున్నరు? నేనే గద."

అమ్మా, విన్నావా. అదే నా జవాబు.

మీ దీవెనలు ఎప్పుడూ నా మీద ఉండాలని కోరుకుంటూ,
మీ కూతురు
సుగుణ